మల్లెపొదకు ఉప్పునీళ్ళు

మొన్న మా చిన్నాన్న కొడుకు గుడివాడ శివార్లలో కట్టుకున్న కొత్త ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. గదులన్నీ తిప్పి చూపించాక, కాఫీ మాట ఎత్తకుండా నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్ళి, "అక్కా, ఇది మా ధ్యానవనం. చెప్పులు ఇక్కడ వదిలెయ్యి," అన్నాడు. వదిలాను. కింద ఉన్నది గడ్డి కాదు, గడ్డి రంగేసిన ప్లాస్టిక్ చాప. మే నెల ఎండకి అది కాగిపోయి అరికాళ్ళు చుర్రుమన్నాయి. మధ్యలో ఒక సిమెంటు బుద్ధుడి తల ఉంది. మొండెం ఏమైందని అడగలేదు. ఆ తల మీంచి నీళ్ళు కారుతున్నాయి, పొదల్లో ఎక్కడో దాచిన స్పీకర్లోంచి ఓంకారం వస్తోంది. "ఒక్క పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూచో అక్కా. ఏమీ ఆలోచించకు. శాంతి దానంతటదే వస్తుంది," అన్నాడు, బస్సు వస్తుందని చెప్పినంత నమ్మకంగా. కూచున్నాను. శాంతి రాలేదు గానీ దోమలొచ్చాయి. నా పక్కన పద్మాసనం వేసుకున్నవాడు రెండో నిమిషంలోనే ఒక కన్ను తెరిచి ఫోను చూసుకున్నాడు. నాకెలా తెలుసంటే, నేనూ ఒక కన్ను తెరుచుకునే కూచున్నాను.

ఆ తెరిచిన కంటికి పక్కనున్న కుండీ కనిపించింది. అందులో ఒక మల్లె మొక్క. ఆకుల అంచులు మాడి వంకర్లు తిరిగాయి. కుండీ అంచు చుట్టూ తెల్లటి పొర కట్టింది. గోటితో గీకి నాలిక మీద వేసుకున్నాను.

"ఛీ! అదేం పనక్కా?"

"ఉప్పు. ఏం నీళ్ళు పోస్తున్నార్రా దీనికి?"

"బోరు నీళ్ళే. మనం పొయ్యక్కర్లా. టైమరు పెట్టాం, టైముకి అవే పడతయ్యి."

"ఇదేం మొక్కో తెలుసా నీకు?"

"గార్డెనర్‌కి తెలుసులే," అన్నాడు, అదేదో పెద్ద గొప్పలా.

నోరు విప్పి నాలుగు దులుపుదామనుకున్నాను. నాకు నోరు తక్కువని మా చుట్టాల్లో ఎవరూ అనరు. కానీ ఆ రోజు నోరు పెగల్లేదు. మల్లెకి ఉప్పునీళ్ళు పోసినవాణ్ణి తిట్టే హక్కు ఊళ్ళో అందరికీ ఉండొచ్చు, నాకు మాత్రం లేదు.

బందరులో మా పెద్దత్తయ్య, అంటే మా నాన్నకి అక్క, ఈడేపల్లిలో ఒక పాత పెంకుటింట్లో ఉండేది. ఆడపిల్లల హైస్కూల్లో కుట్టు టీచరుగా చేసి రిటైరైంది. మావయ్య చాలాకాలం కిందటే పోయాడు, పిల్లల్లేరు. వీధివైపు వాటా అద్దెకిచ్చి తను వెనక రెండు గదుల్లో ఉండేది. గదుల్లో ఉండేది అనడం కూడా మాటవరసకే, తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా ఉండేదంతా పెరట్లోనే. బందరులో పెరడు పెంచడమంటే ఏమిటో నీటికి కరువులేని ఊళ్ళవాళ్ళకి చెప్పినా అర్థం కాదు. సముద్రం పక్కనున్న ఊరు. నుయ్యి తవ్వితే ఉప్పు, బోరింగు వేస్తే ఉప్పు. ఆ నీళ్ళకి సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. మంచినీళ్ళంటే మునిసిపాలిటీ కుళాయిలో వచ్చేవే. ఎండాకాలం కాలవలు కట్టేశాక, చెరువులో నిలవ చేసిన నీళ్ళనే రోజు విడిచి రోజు, తెల్లారగట్ల ఓ అరగంట, దారంలా వదిలేవాళ్ళు. తాగడానికీ వండడానికీ అవే. ఆ పట్టుకున్న వాటిల్లోంచే అత్తయ్య తోటకి వాటా తీసేది.

వంటింటి గుమ్మం పక్కన రెండు సిమెంటు తొట్లుండేవి. ఒకటి మంచినీళ్ళది, ఒకటి ఉప్పునీళ్ళది. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, తోటకూర జాడించిన నీళ్ళు, ఆఖరికి ఇంటికొచ్చినవాళ్ళు సగం తాగి వదిలేసిన గ్లాసులో నీళ్ళు కూడా మొదటి తొట్లోకి పోవాలి. సాయంత్రానికి ఆ తొట్లోంచి పులిసిన కడుగు వాసన వేసేది. ఆ వాసనా, కుంకుడుకాయల వాసనా, కిరసనాయిలు స్టవ్వు వాసనా కలిస్తే అదే అత్తయ్య ఇల్లు. బోరింగు నీళ్ళతో చేసిన స్నానాల నీళ్ళు కొబ్బరిచెట్టు మొదట్లోకి పోయేవి. దానికి ఉప్పంటే లక్ష్యం లేదు. మల్లెపొదకీ, విరజాజి తీగకీ, కనకాంబరాలకీ మాత్రం ఉప్పునీటి చుక్క తగలకూడదు. ఎవరైనా పొరపాటున ఉప్పునీళ్ళ చెంబు తెచ్చి మంచినీళ్ళ తొట్లో ముంచితే అత్తయ్య ముఖం మాడిపోయేది. దేవుడి గదిలోకి చెప్పులతో వెళ్ళినా అంత బాధపడేది కాదు.

మల్లెపొద అంటే నడుమెత్తు పొద, ఇద్దరు చేతులు చాచినా చుట్టూ అందనంత. మాఘమాసంలో దానికి ఆకంతా దూసేసి, కొమ్మలు కత్తిరించి, మొదలు తవ్వి, కొన్నాళ్ళు నీళ్ళు ఆపి ఎండగట్టేది. ఆ తర్వాత నీళ్ళు పెడితే, ఎండలు ముదిరేసరికి ఆకు కంటే మొగ్గే ఎక్కువ ఉండేది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక అత్తయ్య నీళ్ళు పోసి, పొద ఎదురుగా పీట వేసుకుని కూచునేది. జపం లేదు, పాట లేదు. "ఏం చేస్తున్నావత్తా?" అని అడిగితే, "ఏం లేదే. కూచున్నా," అనేది. కోసిన మొగ్గల్లో ఒక్కటి దేవుడి పటానికి పెట్టి, మిగతావి పళ్ళెంలో నీళ్ళు పోసి తలగడ పక్కన పెట్టుకునేది. ఊళ్ళోవాళ్ళకి ఇది భక్తిగా కనపడేది కాదు. పక్కవీధిలో రిటైరైన తాసిల్దారు గారొకరు ఉండేవారు. రోజూ తెల్లవారేసరికి నుదుటి మీద బొట్టు, చేతిలో కొక్కెం కట్టిన కర్ర, ప్లాస్టిక్ కవరుతో అత్తయ్య పెరటి గోడ దగ్గరికొచ్చి, కొమ్మలు లాగి, పూలు తెంపి, సహస్రనామాలు గొణుక్కుంటూ వెళ్ళిపోయేవారు. అడగడం ఆయన దృష్టిలో చిన్నతనం. ఊరందరి గోడల మీద పూలూ ఆయన దేవుడికే పూశాయని ఆయన నమ్మకం. ఇలాంటి దొంగభక్తుల్ని అప్పుడూ అసహ్యించుకున్నాను, ఇప్పుడూ అసహ్యించుకుంటాను.

కానీ ఆయన కంటే అసహ్యం పుట్టేది ఆనాటి నన్ను తలుచుకుంటేనే. ఇరవై ఏళ్ళు. బోటనీలో ఫస్టు క్లాసు. బి.ఎడ్. సీటు కోసం ఎదురుచూస్తూ గుడివాడలో మా ఇంట్లో కూచున్నాను. కళ్ళు నెత్తి మీదుండేవి. మల్లె శాస్త్రీయ నామం అత్తయ్యకి తెలియదని మనసులో నవ్వుకునేదాన్ని. ఎప్పుడు చూసినా చెంబు పట్టుకుని తిరిగే ముసలావిడ, ఒక పొద ఎదురుగా గంటసేపు ఊరికే కూచుంటుంది, ఇదీ ఒక బతుకేనా అనుకునేదాన్ని.

అత్తయ్యకి రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. అంతకుముందు వేసవికే మొగ్గలు తడిమి కోసేది. మొగ్గలతో పాటు ఆకులు, ఒకసారి గొంగళిపురుగు కూడా గిన్నెలోకి వచ్చాయి. ఎండాకాలం కంటి ఆపరేషన్ వద్దని చుట్టాలందరూ చెప్పారు. ఆవిడ వినలేదు. "పోయినేడు తడిమి కోశాను. ఈ ఏడు చూసి కొయ్యాలి. చలికాలం దాకా ఆగితే మల్లెలెక్కడుంటయ్యి?" అంది. గుడివాడలో ఆపరేషన్, మా ఇంట్లో పది రోజుల విశ్రాంతి, ఆ తర్వాత బందరు వెళ్ళిపోవడం. ఆ రోజుల్లో కళ్ళద్దాలు నలభై రోజులకి గానీ ఇచ్చేవాళ్ళు కాదు. అప్పటిదాకా వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనదు, వంగకూడదు, బరువెత్తకూడదు. అద్దాలొచ్చేసరికి మల్లె ఇంకా పూస్తూనే ఉంటుందని అత్తయ్య లెక్క. ఆవిడ కోరిందల్లా అదొక్కటే. ఆ పది రోజులూ ఇల్లూ తోటా చూసుకోమని నన్ను బందరు పంపారు. వీధి వాటాలో అద్దెవాళ్ళు తోడుగా ఉన్నారు.

"మల్లెకి రోజు విడిచి రోజు రెండు చెంబులు పొయ్యి. తక్కువైనా పర్లా. ఉప్పునీళ్ళు మాత్రం పొయ్యబాక," అని ఆపరేషన్‌కి వెళ్ళే ముందు రెండుసార్లు చెప్పింది. "సరేలే అత్తా," అన్నాను, చిన్నపిల్లలకి చెప్పినట్టు.

మొదటిసారి కుళాయి వచ్చినప్పుడు నాకు మెలకువ రాలేదు. రెండోసారి వచ్చింది గానీ లేవబుద్ధి కాలేదు. తాగడానికి అద్దెవాళ్ళ దగ్గర ఒక బిందె తీసుకున్నాను. బోరింగు పొదకి నాలుగడుగుల దూరంలోనే ఉంది. పది సార్లు కొడితే బకెట్టు నిండుతుంది. మొక్కకి రుచులేమిటి, నీళ్ళు నీళ్ళే, ఇదంతా ముసలావిడ చాదస్తం అనుకుని బకెట్టెత్తి పోసేసి వారపత్రిక పట్టుకుని మంచమెక్కాను. ఉప్పున్న నేలలో వేరు నీటిని పీల్చుకోలేదని, ఎదురు తనలోని నీళ్ళే పోగొట్టుకుంటుందని, బొమ్మలతో సహా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ రాసిన వేరూ పెరట్లో ఉన్న వేరూ ఒకటేనన్న సంగతి నాకు తట్టలేదు. నాలుగో రోజుకి ఆకుల అంచులు ఎర్రబడ్డాయి. ఎండకి నీళ్ళు చాలడం లేదనుకుని ఇంకో రెండు బకెట్లు ఎక్కువ పోశాను. ఎనిమిదో రోజుకి మొగ్గలన్నీ గోధుమరంగు తిరిగి, ముట్టుకుంటే రాలిపోయాయి. అప్పుడు మట్టి ఎండిన చోట తెల్లగా పేరుకున్నది చూశాను.

పదో రోజున నాన్న అత్తయ్యని బస్సులో తీసుకొచ్చాడు. కంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడుతోంది. గుమ్మం ఎక్కుతూనే, కాళ్ళు కూడా కడుక్కోకుండా అడిగింది.

"మొగ్గేసిందా అమ్మాయీ?"

"వేసిందత్తా. బోలెడు."

ఎందుకలా అన్నానో అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. పిరికితనం. ఆవిడ మనసు కష్టపెట్టకూడదు అని దానికి పేరు పెట్టుకున్నాను. అద్దాలొచ్చేదాకా నన్ను తోడుండమని చెప్పి నాన్న తిరుగు బస్సుకి వెళ్ళిపోయాక, మందులు తెస్తానని చెప్పి కోనేరు సెంటరుకి పరుగెత్తి మల్లెమొగ్గలు కొనుక్కొచ్చాను. పెరటి గుమ్మంలోంచి లోపలికొచ్చి, ఇప్పుడే కోసినట్టు గిన్నెలో పోసి అత్తయ్య చేతికిచ్చాను. ఆవిడ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంచింది. "ఊఁ," అంది. పళ్ళెంలో నీళ్ళు పోయమంది. ఆ తర్వాత రోజూ అదే నాటకం. రోజూ సాయంత్రం పొద ఎదురుగా పీట వేయించుకుని, ఆకుపచ్చ గుడ్డతో ఆ మోడు వైపు ముఖం పెట్టి కూచునేది. ఆవిడ అలా కూచుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. "మొగ్గలెట్టా ఉన్నయ్యే?" అని అడిగేది. "బాగున్నాయత్తా," అనేదాన్ని.

ఒక ఉదయం తాసిల్దారు గారు గోడ అవతల నిలబడి, కర్రతో పొదంతా కలియబెట్టి, పెద్ద గొంతుతో అన్నారు. "ఏంటమ్మా, ఈ ఏడు మీ చెట్టుకి ఒక్క పువ్వు కూడా లేదే! మొత్తం ఎండిపోయినట్టుందే! నా పూజకి ఇబ్బందిగా ఉంది."

ఆయన కష్టం అది. అత్తయ్య వసారాలో పీట మీదే ఉంది. మెడ అటు తిప్పి, తాపీగా జవాబిచ్చింది. "మా అమ్మాయి తెల్లారకముందే కోసేస్తోందండీ. మీరు ఇంకాస్త పెందలాడే లేవాలి."

ఆయన గొణుక్కుంటూ పోయారు. అత్తయ్య నన్ను నమ్మిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

ఎలాగైనా ఆ పొదని బతికించాలి, అద్దాలొచ్చేలోపల ఒక్క రెమ్మకైనా పూయించాలి. ఇదొక్కటే పట్టుకుంది నన్ను. చచ్చిన కొమ్మలు కోసేశాను. ఉప్పు పట్టిన పైమట్టి జానెడు లోతు తవ్వి బయట పారబోశాను. పార చప్పుడు విని, "ఏం చేస్తున్నావే?" అంది అత్తయ్య. "పాదు చేస్తున్నానత్తా," అన్నాను. కొత్త మట్టీ, చివికిన పశువుల ఎరువూ కలిపి పోశాను. ఇక కావలసింది మంచినీళ్ళు, ఉప్పుని కిందికి కడిగేసేటన్ని. మా కుళాయి అరగంట దానికి ఏ మూలకీ చాలదు. రెండు వీధుల అవతల పల్లంలో ఒక కుళాయి ఉండేది. నీళ్ళు వదలని రోజు కూడా గొట్టంలో నిలిచినవి వస్తాయని దాన్ని గుంట తవ్వి కిందికి దింపారు. తెల్లారగట్ల ఆ గుంటలో దిగి బిందె పట్టడానికి రోజూ ఒక యుద్ధం. "కాలేజీ చదువుకున్న పిల్లవి, నీకిన్ని బిందెలెందుకే?" అని ఆడవాళ్ళు తిట్టేవాళ్ళు. మొక్కకని చెబితే చంపేస్తారు. అత్తయ్యకి ఒళ్ళంతా వేడి చేసిందని చెప్పాను. అబద్ధాలు అప్పటికి అలవాటైపోయాయి.

చంకలో ఒకటి, చేతిలో ఒకటి. మొదటి వారం భుజం వాచింది. రోజుకి నాలుగు విడతలు. తెచ్చిన బిందె ఒక్కసారి కుమ్మరించకుండా సన్నగా వంచితే, మట్టి బుడగలు వదులుతూ తాగే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వింటూ పొద పక్కన గొంతుక్కూచునేదాన్ని. అప్పటికి ఎండ రాదు, గాలి చల్లగా ఉంటుంది, విరజాజి తీగ మీద ఏదో చిన్న పిట్ట పిచ్చిగా అరుస్తూ ఉంటుంది. ఏ రోజో సరిగ్గా చెప్పలేను గానీ, ఒక రోజు అలా కూచుని, బి.ఎడ్. సీటూ, నా ఫస్టు క్లాసూ, నేను చెప్పిన అబద్ధాలూ ఏవీ గుర్తు లేకుండా చాలాసేపు ఉండిపోయాను. మనసులో ఏ మాటా లేదు. ఒంట్లో ఎక్కడో అడుగున సంతోషంగా ఉంది. దేనికి సంతోషమో తెలియదు. లేచి చూసుకుంటే ఖాళీ బిందె ఇంకా వంచే పట్టుకుని ఉన్నాను. నా చేతులతో చంపిన మొక్క పక్కన కూచుని సంతోషపడుతున్నానని వెంటనే సిగ్గేసింది. కానీ మర్నాడు మళ్ళీ దానికోసమే పెందలాడే లేచాను. అత్తయ్య పీట మీద ఊరికే ఎందుకు కూచునేదో నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. పుస్తకంలో రాయగలిగినంత కూడా తెలియలేదు, కానీ తెలిసింది.

ఇప్పుడు నన్ను ధ్యానవనాల్లో కూచోబెట్టేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండడానికి అదే కారణం. మొక్క పేరు తెలియదు, దానికి దాహమేస్తే తెలియదు, చస్తే గార్డెనర్ మార్చేస్తాడు. అయినా దాని పక్కన కూచోగానే శాంతి వచ్చి ఒళ్ళో వాలాలి. ఏ మొక్కకీ ఒక చెంబు నీళ్ళు మోయనివాడికి ఆ మొక్క ఏమిస్తుంది? ఇలా అంటుంటే మా చుట్టాలు, "పెద్దయ్యాక నీకు వెటకారం ఎక్కువైంది," అంటారు. ఎక్కువ కాలేదు, ఇరవయ్యో ఏట నుంచీ ఇంతే ఉంది. అప్పుడు చూపించకూడని మనిషి మీద చూపించాను, అంతే తేడా. ఆ వేసవే అత్తయ్యకి ఆఖరిది. మరుసటి మాఘమాసంలో మల్లెకి ఆకు దూయడానికి ఆవిడ లేదు. నేనే బందరు వెళ్ళి దూశాను. ఆ ఏడు అది విరగబూసిందట. తాసిల్దారు గారి దేవుడు బాగా వెలిగి ఉంటాడు.

ఆపరేషనైన నలభయ్యో రోజున గుడివాడ వెళ్ళి అద్దాలు తెచ్చుకున్నాం. సీసా అడుగంత మందం. బస్సులో దారి పొడుగునా అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ బోర్డులు చదువుతూనే ఉంది. ఇంటికొచ్చి, తాళం తీసి, తిన్నగా పెరట్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. పొద ఉండాల్సిన చోట కోసేసిన మోళ్ళు, వాటి అడుగున మొదట్లోంచి పొడుచుకొచ్చిన ఆరు లేత చిగుళ్ళు. ఒక్క మొగ్గ లేదు. అత్తయ్య మెల్లిగా వంగి, ఒక్కో చిగురునీ వేలితో పైకెత్తి, అద్దాల దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"అత్తా, నేనే," అన్నాను. "లేవలేక ఉప్పునీళ్ళు పోశాను. ఆ పూలు మనవి కావు. బజారువి."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటి రోజే. బజారు మల్లెలకి తడిగోనె వాసనుంటది. మన చెట్టువి అట్టా ఉండవు." చిగురు వదిలి నడుం నిమురుకుంటూ లేచింది. ఆ మందపాటి అద్దాల వెనక కళ్ళు చాలా పెద్దవిగా కనిపించాయి. అందులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. ఆ కళ్ళు ఇంకా ఆ మోళ్ళ మీదే ఉన్నాయి.

"తెలిసి కూడా రోజూ అడిగేదానివేంటి, మొగ్గలెట్టా ఉన్నయ్యని?"

"అడక్కపోతే నువ్వు నీళ్ళు మోస్తావా?" అంది అత్తయ్య. లోపలికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "రేపట్నించి అబద్ధాలు చెప్పక్కర్లా. నీళ్ళు మాత్రం మానబాక," అంది.